గొంతు లేవని ఇల్లు

స్వాన్సీ రేవు పట్నంలో సిటీ బస్సు నడిపే నెరిస్ ఎంత నిట్టనిలువు రోడ్డుకూ బెదిరే మనిషి కాదు. అలాంటిది, గారెత్, షాన్ విడిపోయారని తెలిసిన రోజు నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. దత్తత తీసుకునేవాళ్ళకు పెట్టే తరగతుల్లో నెరిస్, ఆమె సహచరి డెలిత్‌ల పక్కనే కూర్చున్న జంట అది. వాళ్ళు తెచ్చుకున్న పిల్లాణ్ణి సంక్షేమ శాఖ వెనక్కి తీసుకుపోయింది.

"మొగుడూ పెళ్ళాలే నిలబడలేదు. ఇద్దరు ఆడవాళ్ళం, మనం నిలబడతామని ఎవరు నమ్ముతారే?" అంది డెలిత్‌తో.

"పన్నెండేళ్ళుగా నిన్ను భరిస్తున్నా. ఇంకేం రుజువు కావాలంట?" అంది డెలిత్. బడి వంటగదిలో పనిచేసే ఆమెకు గొంతు పెద్దది, భయం తక్కువ.

ఏడేళ్ళ టెగన్ వాళ్ళింటికొచ్చి ఒక చలికాలం గడిచింది. అంతకు ముందు మూడిళ్ళు మారింది. కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా పిల్ల వీళ్ళది కాదు. కిటికీ తెరవాలా మూయాలా అన్నదానికి కూడా వీధి అదిరేలా పోట్లాడుకునే ఇల్లు అది. ఆ అరుపులు సంక్షేమ శాఖ అధికారి మిసెస్ ప్యూ చెవిన పడితే టెగన్ తమకు దక్కదని నెరిస్ మనసులో నాటుకుపోయింది. ఇక ఇంట్లో గొంతు లేవకూడదని శాసించింది.

"దయచేసి ఉప్పు అందిస్తావా?"

"తప్పకుండా."

వింటే నవ్వొచ్చే మాటలే, కానీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. టెగన్ తిండి తగ్గించింది. తన భయంలో తానున్న నెరిస్‌కు పిల్ల భయం కనబడలేదు. జలుబు చేసిందేమో అనుకుంది.

మిసెస్ ప్యూ వచ్చిన మధ్యాహ్నం నెరిస్ తలుపు తీసి వెనక్కి తిరిగింది. నడవలో టెగన్ కోటు, బూట్లు వేసుకుని, బట్టలు కుక్కిన నల్ల చెత్తసంచి పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడికి తల్లీ?" అంది మిసెస్ ప్యూ.

"మీతోనే. వీళ్ళు తిట్టుకోవడం మానేశారుగా. పంపించేసే ముందు అందరూ ఇలాగే మర్యాదగా మాట్లాడుకుంటారు."

వంటగదిలోంచి డెలిత్ దూసుకొచ్చింది. "విన్నావా? నీ పాడు శాసనంతో పిల్లను హడలగొట్టేశావు కదే!"

"నేనా? నీ నోరు మూయించడానికి ఇంకేం చెయ్యమంటావే? నువ్వరిస్తే రేవులో ఓడలు వెనక్కి తిరుగుతాయి!"

ఎవరి ముందు అరిచిందో నెరిస్‌కు అరిచాక గానీ తెలియలేదు. అయిపోయింది, పిల్ల పోయినట్టే అనుకుంది. మిసెస్ ప్యూ ముఖం చూసే ధైర్యం లేక తల దించుకుంది.

టెగన్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సంచి కింద పెట్టింది.

"తప్పు నీదే, నెరిస్," అంది బూటు లేసు విప్పుకుంటూ.