రెండు పిడికెళ్ల ఇసుక

తుకుం రోడ్డు మీద ఇస్తారి షెడ్డులో పైపులు వంచే మిషన్ ఒకటుంది. లారీల కింద పెట్టే ఇరవై టన్నుల జాకీ, అటూ ఇటూ రెండు రోలర్లు, మధ్యలో గాడి తీసిన ఇనుప గుండు, అంతే సంగతి. జాకీ పిడి ఆడిస్తుంటే ఒకటిన్నర అంగుళాల పైపు నిప్పు లేకుండా, చప్పుడు లేకుండా తడి వెదురు బద్దలా వంగిపోతుంది. మహారాష్ట్రలోని ఈ చంద్రపూర్‌లో వెల్డింగు చేసేవాళ్లంతా దాన్ని ఎల్లేష్ మిషన్ అంటారు. చచ్చిపోయిన బామ్మర్ది మీద ప్రేమతో ఇస్తారి నాలుగేళ్లు కష్టపడి చేశాడని చెప్పుకుంటారు. కుండ నోటికి మూకుడుంది గాని లోకం నోటికి లేదు కదా, చెప్పుకోనీ.

ఇస్తారి తండ్రి మంచిర్యాల వైపు నుంచి ఊరి పక్క దుర్గాపూర్ బొగ్గుగనిలో పనికి వచ్చినవాడు. కొడుక్కి గనిలో పని దొరకలేదు. దొరకనందుకు ఏడవాల్సిన తల్లి, మైసమ్మకు కోడిని కోసి మొక్కు తీర్చుకుంది. ఇస్తారి వెల్డింగు నేర్చుకుని రోడ్డు పక్కన షెడ్డు వేశాడు, వెనక రెండు గదుల ఇల్లు కట్టాడు, రాజురా దగ్గరి పల్లె నుంచి లస్మవ్వను చేసుకొచ్చాడు. మనిషి పనిమంతుడే. ఒకటే లోపం, కడుపులో మాట నోటిదాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది.

ఆ రోజుల్లో పైపు వంచాలంటే కొలిమే గతి. ఉత్త పైపును కాల్చి వంచితే వంపు దగ్గర అణిగి చపాతీ అయిపోతుంది. అందుకని లోపల ఇసుక దట్టించాలి, రెండు కొసలకూ చెక్క బిరడాలు బిగించాలి, అప్పుడు కాల్చాలి. ఆ ఇసుకలో చుక్క తేమ ఉండకూడదు. తేమ ఉంటే ఆవిరై బిరడాను తుపాకి గుండులా కొడుతుంది.

ఇసుక వేయించడం లస్మవ్వ పని. ఇరయి నది ఇసుకను పెద్ద మూకుడులో పోసి గరిటెతో తిప్పుతూనే ఉండేది. ఆరిందో లేదో తెలియడానికి పుట్టింట్లో నేర్చుకున్న గుర్తు ఒకటి ఉండేది ఆమెకు. ఇసుకలో ఒక జొన్నగింజ వేసేది. అది చిట్లి తెల్లగా పువ్వులా విచ్చుకుంటేనే మూకుడు దించేది. పదేళ్లలో ఆమె వేయించిన ఇసుకతో ఒక్క బిరడా కూడా కదలలేదు.

తొంభై రెండులో తొలి ఏకాదశి నాడు జరిగింది ఆ పని. ఆ పూట చుట్టుపక్కల మరాఠీ ఇళ్లవాళ్లు విఠోబా పేరు చెప్పి ఉపవాసముంటారు, మన తెలుగు ఇళ్లల్లో పేలపిండి తింటారు. లస్మవ్వ తమ్ముడు ఎల్లేష్‌కు అక్క చేతి పేలపిండి లేకపోతే అది పండుగే కాదు. ఇరవై అయిదేళ్ల మనిషి, సొంత సేద్యం ఉన్నవాడు, ఏటా తన చేలో పండిన జొన్నలు సంచిలో కట్టుకుని రాజురాలో బస్సెక్కి వచ్చేవాడు.

మూడు రోజులుగా ఒకటే ముసురు. అనంతరావు అనే ఆయన కొత్తగా టీవీల దుకాణం తెరుస్తున్నాడు. దుకాణం ముందు పందిరికి పైపు కమానులు వంచి ఇమ్మని చెప్పాడు. అప్పట్లో ఊళ్లో రోజుకో కొత్త దుకాణం, ప్రతి ఒక్కరికీ నిన్ననే కావాలి. అనంతరావు గొడుగు పట్టుకుని షెడ్డులోనే నిలబడి, అయ్యిందా ఇంకా అని మరాఠీలో ఒకటికి పదిసార్లు అడుగుతున్నాడు.

చివరి పైపుకు ఇసుక చాల్లేదు. జానెడు తక్కువైంది. వేయించిన మిగతా ఇసుక పొయ్యి మీదే ఉంది, అందులో లస్మవ్వ పండుగకు పేలాలు వేయిస్తోంది. ఇస్తారి ఒక్క కేక వేస్తే సరిపోయేది. కానీ పేలాలు అయ్యేదాకా ఆగాలి, అనంతరావు ఆగేలా లేడు. గోడ వారన సంచిలో పచ్చి ఇసుక ఉంది. పైన ముట్టుకుంటే పొడిగానే తగిలింది. రెండు పిడికెళ్లు తీసి పైపులో పోశాడు, సుత్తితో బిరడా బిగించాడు. ఎవరూ చూడలేదు.

స్నానం చేసి వచ్చిన ఎల్లేష్ ఊరికే కూర్చోలేక కొలిమి తిత్తి అందుకున్నాడు.

"జర పక్కకు జరుగు బామ్మర్దీ" అన్నాడు ఇస్తారి.

"ఏం కాదు తియ్ బావా. అక్క ఏంచిన ఇసుకనే గదా" అని నవ్వాడు ఎల్లేష్.

బిరడా వచ్చి అతని కణతకు తగిలింది. మూడోనాడు ఆసుపత్రిలో ప్రాణం పోయింది.

ఎలా జరిగిందని నలుగురూ అడగడం మొదలుపెట్టారు. ఇసుకలో తడి ఉండి ఉంటుందని ఒక పాత కమ్మరి అన్నాడు. ఆ మాట వినగానే లస్మవ్వ నెత్తి బాదుకుంది.

"నాదే తప్పు! పేలాల తొందర్ల గింజ సరిగ పేలిందో లేదో సూడలే. నేనే సంపుకున్న నా తమ్ముణ్ని!"

గింజ పేలింది. ఆమె చూసే దించింది. దుఃఖంలో మనిషి తనను తాను ముందు అనుమానించుకుంటుంది, పైగా అది లస్మవ్వ. ఇస్తారి నోరు తెరిచాడు. అప్పుడే లస్మవ్వ తల్లి నర్సక్క లేచింది. కూతురి ముఖం మీదికి వంగి, "పేలాలు బుక్కేతందుకు నా కొడుకును బుక్కినవా? నా గడప తొక్కకు. నేను సస్తే సుత రాకు" అంది. ఇస్తారి తెరిచిన నోరు మూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగకు అరుపెక్కడిది?

పెద్దకర్మ అయ్యాక చెబుదామనుకున్నాడు. అయ్యాక, నెల మాసికం వెళ్లనీ అనుకున్నాడు. లస్మవ్వ ఆ ఏటి నుంచి మూకుడును అటక మీద బోర్లించింది. తొలి ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడం మానేసింది. పక్కింటి ప్రతిభ, ఈమె కూడా విఠోబాను పట్టుకుందని మురిసిపోయింది. ఏ దేవుణ్ని పట్టుకుందో ఇస్తారికి తెలుసు. ఆ పూటంతా ఇంట్లో అన్నం ముందు కూర్చోవడం అతనికి నరకంగా ఉండేది, అయినా కూర్చుని తినేవాడు.

ఎల్లేష్ పోయిన ఆ ఏడే అతనికి మిషన్ ఆలోచన వచ్చింది. ఇసుకా నిప్పూ లేకుండా పైపు వంచే మిషన్ తయారు చేయాలి. అది తయారైన రోజు లస్మవ్వకూ అత్తకూ నిజం చెప్పాలి. చేతిలో ఏదో ఒకటి పెట్టుకుని చెబితే మాట కాస్త తేలికవుతుందని అతని ఆశ. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కాకపోతే ఈ ఆకు పట్టుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

ఘుగ్గుస్‌లో తుక్కు దుకాణం నుంచి లారీ జాకీ తెచ్చాడు. చానల్ ఇనుముతో చట్రం చేసి అందులో దాన్ని పడుకోబెట్టాడు. నిలబెడితే లారీని లేపిన జాకీ పడుకోబెడితే అడుగు కదల్లేదు. ఎన్ని వాషర్లు మార్చాడో, ఎంత నూనె పోశాడో లెక్క లేదు. వర్షాకాలం మొత్తం పోయాక తెలిసింది, పంపు ఉన్న వైపు కిందికి ఉండాలట, లేకపోతే నూనెకు బదులు గాలి పీలుస్తుందట. తర్వాత గుండుతో గొడవ మొదలైంది. పాత పుల్లీ చక్రాన్ని కోసి పెడితే గాడి వెడల్పై పైపు అణిగిపోయింది. ఆకురాయి పట్టి పట్టి, పైపు ఒంటికి అతుక్కునేలా గాడి తీయడానికి ఇంకో ఏడాది పట్టింది. ముందుకు పోయిన జాకీ వెనక్కి రావడానికి సైకిల్ స్టాండు స్ప్రింగులు కట్టాడు.

లస్మవ్వ నట్లు బిగించే పానాలు అందించేది. వంచిన ప్రతి పైపునూ తీసుకుని వంపు లోపలి వైపు బొటనవేలితో తడిమి చూసేది. "ముడుత పడ్డది" అని పక్కన పెట్టేది. ఒకరోజు అడిగింది.

"దీనికి ఇసుక అసలే వద్దా?"

"అసలే వద్దు."

"మంచిగ సెయ్యి" అంది. ఇస్తారి మళ్లీ ఆకురాయి అందుకున్నాడు.

తొంభై ఆరు ఉగాదికి ముందు, లస్మవ్వ పుట్టింటి ఊరి సమ్మన్న వచ్చాడు. నర్సక్క మంచం పట్టిందని, ఎక్కువ రోజులు లేదని చెప్పాడు. లస్మవ్వ కట్టుబట్టలతో బస్సెక్కింది. సాయంత్రానికే తిరిగొచ్చింది. గుమ్మంలో కూలబడి, "అవ్వ గోడ దిక్కు మర్లి పండుకున్నది. పిలిస్తే సుత మర్లలే" అంది.

అప్పుడు ఇస్తారి చేతిలో ఒక పైపు ఉంది. వంపు అంతా బాగానే వచ్చి బయటి వైపు నిలువునా పగిలింది. పైపు అతుకు బయటికి పెట్టడం వల్ల పగిలింది, పక్కకు తిప్పి పెడితే ఆగుతుందని అప్పుడే తట్టింది. ఇంకెంత, వారం. వారంలో మిషన్ అవుతుంది, అప్పుడు తనే రాజురా వెళ్లి అత్త కాళ్ల దగ్గర కూర్చుని చెబుతాడు. నర్సక్క గోడ వైపు నుంచి ఇటు తిరుగుతుంది, కూతురి చెయ్యి పట్టుకుంటుంది. ఇదంతా అతను కళ్లతో చూసినట్టే అనుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అన్న సామెత తెలియనివాడేం కాదు.

తొమ్మిదోనాడు కబురొచ్చింది. లస్మవ్వ శవం దగ్గరికి పోలేదు. వాకిలి బయట, ఎద్దులు కట్టేసే రాటకు ఆనుకుని నిలబడింది. తల్లి వద్దన్న మాటను చచ్చాక కూడా దాటలేదు. ఇస్తారి ఆమె పక్కనే నిలబడ్డాడు. అక్కడ కూడా చెప్పలేదు. ఇక చెప్పి ఎవరికి లాభం అనుకున్నాడు, అలా అనుకున్నందుకు తనను తానే అసహ్యించుకున్నాడు.

వారం అనుకున్న మిషన్ ఆషాఢానికి గాని పూర్తి కాలేదు. అతుకు పక్కకు పెట్టి వంచిన పైపు పగల్లేదు, అణగలేదు. వార్త తెలిసి పది షెడ్ల నుంచి మనుషులొచ్చారు. మామిడాకులు కట్టారు, కొబ్బరికాయ కొట్టారు. "బామ్మర్ది పానం కోసం ఇంత జేసినోన్ని నేనైతే సూడలే" అని ఊరి నుంచి వచ్చిన సమ్మన్న కళ్లు తుడుచుకున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఎల్లేష్ మిషన్ అన్న పేరు ఆ రోజే పడింది.

అది తొలి ఏకాదశి. అందరూ వెళ్లాక, ఉపవాసంతో ఉన్న లస్మవ్వ మిషన్‌కు బొట్టు పెట్టింది. వంచిన పైపు అందుకుని బొటనవేలితో తడిమింది.

"ముడుత లేదు" అంది. మళ్లీ తడిమి, "గప్పుడే ఇది ఉంటే నా తప్పు వాణ్ని మింగకపోవు" అంది.

ఇస్తారి నేల మీద కూర్చున్నాడు.

"నీ తప్పు కాదే. నువ్వు మంచిగనే ఏంచినవ్. ఇసుక సాలకపోతే నేనే పచ్చిది పోసిన. సంచిలకెళ్లి తీసి."

లస్మవ్వ పైపును మెల్లగా కింద పెట్టింది.

"ఎన్ని పిరికిళ్లు?"

"రెండు."

"రెండు" అంది ఆమె. చాలాసేపు ఆ రెండు పిడికెళ్లనూ తూస్తున్నట్టు తన అరచేతుల వైపే చూసుకుంది. ఇస్తారి తిడుతుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు, కొడితే బాగుండుననుకున్నాడు.

"అవ్వకెందుకు చెప్పలే?"

"మిషన్ అయినంక చెప్దామనుకున్న."

"మిషన్ ఏంటికయ్యా?" అంది లస్మవ్వ. "రాజురాకు బస్సు ఉండె గదా."

లేచి లోపలికి వెళ్లింది. అటక మీది మూకుడు దించి కడిగింది. పొయ్యి వెలిగించి ఇసుక పోసింది, జొన్నలు పోసింది. నాలుగేళ్ల తర్వాత ఆ ఇంట్లో పేలాల చప్పుడు వినిపించింది. బెల్లం వేసి దంచి, రెండు ఆకుల్లో పెట్టింది. ఒకటి తమ్ముడికి, ఒకటి తల్లికి. మిగిలింది తాను తింది. ఏడుస్తూ, వేళ్లు నాకుతూ, ఎంగిలి చెయ్యి ఆరకుండా తింది. ఇస్తారి గడప దగ్గరే నిలబడ్డాడు. ఆమె అతన్ని పిలవలేదు.

ఆమె ఇల్లు విడిచి పోలేదు. వండుతుంది, వడ్డిస్తుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. షెడ్డులోకి మాత్రం మళ్లీ రాలేదు. వంపు లోపల ముడత ఉందో లేదో ఇప్పుడు ఇస్తారే తడిమి చూసుకుంటాడు. తొలి ఏకాదశి ఉపవాసం అతనిది.

మిషన్ చూడటానికి వచ్చినవాళ్లు ఎన్నాళ్లు పట్టిందని అడుగుతారు. నాలుగేళ్లని చెబుతాడు. వాళ్లు నోరు తెరిచి మెచ్చుకుంటుంటే అతను రోడ్డు వైపు చూస్తాడు. షెడ్డు ముందు నుంచే వెళుతుంది రాజురా బస్సు. గంట ప్రయాణం.