అన్‌ఫిట్ కోసం ఆమెన్: గోదావరిఖనిలో ఒక ఆదివారం

మా కాలేజీలో వచ్చే నెల వ్యాసరచన పోటీ ఉంది. అంశం "విశ్వాసం, విజ్ఞానం". నేను బీఎస్సీ చదువుతున్నాను, పైగా ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే ఇంటి పిల్లను. ఈ అంశం నా కోసమే పెట్టారనిపించింది. హాస్టల్లో నా గదిలో ఉండే సునీతది గోదావరిఖని. వాళ్ళ పెదనాన్న కనకయ్య గారు బొగ్గుబాయిలో పనిచేస్తూ ఒకసారి కుప్పకూలిపోయారట. రక్తపోటు బాగా ఎక్కువ, గుండె కూడా బలహీనంగా ఉంది అన్నారట డాక్టర్లు. చర్చి సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేస్తే లేచి మళ్ళీ డ్యూటీకి వెళ్ళారట. "ప్రార్థన వల్లనా, మాత్రల వల్లనా?" అని అడిగాను. "నాకేం ఎరుక? నువ్వే వచ్చి ఆయన్ను అడుగరాదె" అంది సునీత. నా ప్రయాణం అలా మొదలైంది.

కరీంనగర్ బస్టాండులో ఆరున్నరకు గోదావరిఖని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. టికెట్టు యాభై రూపాయల లోపే. ఆదివారం పొద్దున కాబట్టి కిటికీ పక్క సీట్లు దొరికాయి. పెద్దపల్లి దాకా రోడ్డుకు రెండు వైపులా పచ్చటి వరి పొలాలు. బసంత్‌నగర్ దగ్గరికి వచ్చేసరికి చెట్ల ఆకులకు కూడా సిమెంటు రంగు పట్టింది. జ్యోతినగర్ దాటుతుంటే పవర్ ప్లాంటు పొగగొట్టాలు మేఘాల్లోకి మేఘాలను ఊదుతున్నట్టు కనిపించాయి. ఎనిమిదిన్నరకు గోదావరిఖనిలో దిగి, తలా పది రూపాయలకు షేర్ ఆటో ఎక్కాం.

"చుట్టాలింటికా, చెల్లె?" అన్నాడు డ్రైవరు.

"ప్రార్థనకు పోతున్నమన్నా" అంది సునీత.

"అచ్ఛా. తెలంగాణ రావాలని గూడ ఒక మాట ఏసి రాండ్రి. వస్తే బాయిల పనిచేసేటోళ్ళ కొడుకులకు నౌకర్లిస్తరంటున్నరు."

"మరి నీకేం లాభం? నువ్వు ఆటో నడుపుకుంటున్నవ్ గదా?"

"మా అబ్బ బాయిల్నే చేసిండు. రిటైరయ్యేదాక పహిల్వాన్ లెక్క ఉండె. ఒక్క బీమారి రాలె. గందుకే నేను ఆటో నడుపుతున్న" అని పగలబడి నవ్వాడు.

నాకేమీ అర్థం కాకపోయినా నేనూ నవ్వాను. సునీత నవ్వలేదు.

ప్రార్థన మందిరమంటే పాత క్వార్టర్ల పక్కన వేసిన రేకుల షెడ్డు. కింద చాపలు, పైన రెండు ఫ్యాన్లు. సెలవు రోజు పనికి రెట్టింపు జీతమిస్తారు, దాన్ని ఇక్కడ "ప్లేడే" అంటారు. అది దొరికిన ఆదివారాల్లో మగవాళ్ళ చాపలు సగం ఖాళీగా ఉంటాయట. పాస్టరు దేవదానం గారు కూడా బొగ్గుబాయి కార్మికుడి కొడుకే. ప్రసంగానికి ముందు ఆయన, "ప్రార్థన అవసరాలుంటే చెప్పుండ్రి" అన్నారు. ఒకామె కూతురి పరీక్ష గురించి చెప్పింది. ఇంకొకామె తమ్ముడి తాగుడు గురించి చెప్పింది. తర్వాత సునీత వాళ్ళ పెద్దమ్మ రాహేలమ్మ గారు కొంగు తల మీదికి లాక్కుంటూ లేచారు.

"అయ్యగారూ, బుధవారం మా ఆయనకు కొత్తగూడెంల మెడికల్ బోర్డు ఉన్నది. అన్‌ఫిట్ కావాలని ప్రార్థన చెయ్యుండ్రి."

షెడ్డంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది. నేను సునీత వైపు తిరిగాను. తను నా చెవిలో గుసగుసగా చెప్పింది. డ్యూటీకి పనికిరాడని బోర్డు తేలిస్తే తండ్రి ఇంటికి వస్తాడు, కొడుక్కి ఉద్యోగం వస్తుంది. తండ్రి ఆరోగ్యంగా రిటైరైతే కొడుక్కి ఏమీ రాదు. రిటైర్మెంటు బాగా దగ్గరపడ్డాక అన్‌ఫిట్ అయినా లాభం లేదు. పెదనాన్నకు ఇదే చివరి అవకాశం. ఆయన కొడుకు ప్రభుదాసు ఐటీఐ చదివి, కాంట్రాక్టు పనిలో లారీల లెక్క రాస్తున్నాడు.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ కుటుంబం పట్ల నీ చిత్తమే..." అని మొదలుపెట్టారో లేదో, రాహేలమ్మ గారు అడ్డుపడ్డారు.

"చిత్తం అనకుండ్రి అయ్యగారూ! గట్లంటే అంతా ఆయన ఇష్టమైతది. అన్‌ఫిట్ అని పేరు పెట్టి అడుగుండ్రి."

వెనక నుంచి ఒక పెద్దామె అందుకుంది: "ఔనయ్యా, మొన్న మా ఇంటాయనకు గూడ గట్లనే చిత్తం అన్నవు. ఫిట్టని పంపిండ్రు."

కొందరు కిసుక్కున నవ్వారు. పాస్టరు గారు నవ్వలేదు. ఈసారి పేరు పెట్టే అడిగారు. కనకయ్య గారి గుండె బాగుపడాలని వీళ్ళు పస్తులున్నది ఇదే షెడ్డులో, ఈ చాపల మీదే. ఆ తర్వాత పాస్టరు గారు చెప్పిన ప్రసంగంలో ఒక్క మాట కూడా నాకు గుర్తులేదు.

మధ్యాహ్నం భోజనం పెద్దమ్మ వాళ్ళింట్లోనే. పాస్టరు గారు కూడా వచ్చారు. కనకయ్య గారు సన్నటి మనిషి, హుషారుగా మాట్లాడతారు. నేను వచ్చిన పని గుర్తు తెచ్చుకుని, ప్రార్థన వల్ల బాగయ్యారా, మాత్రల వల్లనా అని అడిగాను.

"రెండూ బిడ్డా. పొద్దున ప్రార్థన, రాత్రి గోలి. ఇప్పుడైతే ప్రార్థన ఒక్కటే."

"మరి గోలీలు?"

"బంద్ వెట్టిన. బోర్డు కాడ బీపీ మంచిగుంటే మనకు మంచిగుండదు గదా!"

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నారు. ఈలోగా ప్రభుదాసు ఉప్పు దట్టించిన మామిడికాయ తొక్కు గిన్నె తెచ్చి తండ్రి పళ్ళెంలో ఒక పెద్ద గరిటె వేశాడు. "ఇంకింత ఏస్కో బాపు" అన్నాడు, ఆయన మొహం చూడకుండా. ఆయన కలుపుకుని తింటున్నారు. కోడికూర ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది.

రాహేలమ్మ గారు నా పక్కన కూర్చుని ఎంతో ప్రేమగా అడిగారు: "బిడ్డా, నువ్వు సైన్సు సదువుతున్నవట. బీపీ పెరగాలంటే ఇంకేం తినాలె?"

నా చదువును ఎవరైనా ఇలా అడుగుతారని కలలో కూడా అనుకోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను: "పెద్దమ్మా, మాత్రలు ఆపితే మెదడులో నరం చిట్లుతుంది. పక్షవాతం రావచ్చు. ప్రాణమే పోవచ్చు."

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పక్షవాతమొస్తే అన్‌ఫిట్ ఇస్తరు గదా?"

తానేమన్నారో ఆమెకప్పుడు వినిపించినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కనకయ్య గారే నవ్వించబోయారు: "ఎందుకియ్యరు? మంచం మీదేసి తీస్కపోతే లైన్ల నిలబడే పని గూడ లేదు."

రాహేలమ్మ గారు లేచి లోపలికి వెళ్ళి, మాత్రల అట్ట తెచ్చి భర్త పళ్ళెం పక్కన పెట్టారు. తర్వాత పాస్టరు గారి వైపు తిరిగారు.

"అయ్యగారూ, పొద్దున చేసిన ప్రార్థన వాపస్ తీస్కునుడు అయితదా?"

పాస్టరు గారు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేశారు. "నాకు తెల్వదమ్మా" అన్నారు.

"మరి నేనేం గావాలె, అమ్మా?" అన్నాడు ప్రభుదాసు. కోపం లేదు ఆ గొంతులో. తొక్కు గిన్నె ఇంకా అతని చేతిలోనే ఉంది. కనకయ్య గారు అట్ట తీసి చొక్కా జేబులో వేసుకుని, "రాత్రి సూద్దాం తియ్" అన్నారు. నాలుగింటి బస్సుకు మేం బయల్దేరేదాకా ఆ జేబు మీద నుంచి నా చూపు తిప్పుకోలేకపోయాను.

ఇది మంగళవారం రాస్తున్నాను. రేపే బోర్డు. ఆయన మాత్ర వేసుకున్నారో లేదో సునీతకూ తెలియదు, అడగడానికి భయపడుతోంది. నా వ్యాసంలో విశ్వాసం ఒక వైపు, విజ్ఞానం మరో వైపు నిలబడి రోగి కోసం పోట్లాడుకుంటాయి. రోగి బాగుపడాలనే రెండూ కోరుకుంటాయన్న ధీమాతో రాసుకున్నాను. తండ్రి ఒంట్లో రోగముంటేనే కొడుక్కి అన్నం దొరికే ఇల్లు ఒకటి ఉంటుందని, అక్కడ ప్రార్థనకూ మందుకూ ఒకేసారి నోరు పడిపోతుందని నాకప్పుడు తెలియదు. నిన్న రాత్రి మోకరించి, కనకయ్య గారి పేరు దాకా వచ్చి ఆగిపోయాను. బాగుండాలని అడిగితే ప్రభుదాసు కనిపిస్తున్నాడు. అన్‌ఫిట్ కావాలని అడగడానికి నోరు రావడం లేదు. "చిత్తం" అందామంటే రాహేలమ్మ గారు అడ్డుపడుతున్నట్టే ఉంది.

మీలో ఎవరైనా అటు వెళితే ఒక సూచన. కరీంనగర్‌లో ఏడు దాటకుండా బస్సెక్కండి. ఆరాధన పదింటికి మొదలవుతుంది, ప్రార్థన అవసరాలు చెప్పుకునేది ప్రసంగానికి ముందే. ఆలస్యంగా వెళితే పాటలు, ప్రసంగం, మంచి భోజనం అన్నీ దొరుకుతాయి. కానీ అక్కడి మనుషులు దేవుణ్ణి ఏమడుగుతున్నారో మాత్రం వినలేరు.