‘మానుతాండా’ అన్న మాట

కరోనా తగ్గి కాలేజీలు మళ్ళీ గాడిన పడిన ఏడాది అది. మదనపల్లెలో ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నేను హెల్త్ ఎడ్యుకేటర్‌గా పనిచేస్తున్నాను. జబ్బుల గురించి, అలవాట్ల గురించి జనానికి తెలిసేలా పోస్టర్లు, ఆడియోలు తయారు చేయడం నా పని. పుంగనూరు, కుప్పం వైపు కాలేజీ పిల్లల్లో సిగరెట్టు, గుట్కా తగ్గించేలా ఒక సందేశం తయారు చేయమని ఆ ఏడు మాకు అప్పగించారు.

మా పనిలో ప్రీటెస్ట్ అని ఒకటుంటుంది. సందేశాన్ని బయటికి వదిలే ముందు, అది ఎవరి కోసమో వాళ్ళలోనే కొందరికి చూపించి ఏమనిపించిందో అడగడం. కూర దించే ముందు ఉప్పు చూసుకోవడం లాంటిదే.

నా మొదటి పోస్టర్ మీద పుండు పడ్డ నోరు, కింద ఎర్రటి అక్షరాల్లో ‘పొగాకు ప్రాణం తీస్తుంది’ అన్న మాట. పుంగనూరులో ఒక డిగ్రీ కాలేజీ గదిలో దాన్ని కొందరు విద్యార్థుల ముందు పెట్టాను. ఒక్క క్షణం చూసి అందరూ చూపు తిప్పేసుకున్నారు. చివరికి మునిరాజు అనే బీకాం కుర్రాడు నోరు విప్పాడు.

“ఈ బొమ్మ యాభై ఏండ్లోళ్లకి మేడం. మాకింకా శానా టైముండాది.”

“నువ్వు తాగుతావా?”

“తాగుతా. ఇంటర్లో అలవాటయింది.”

“మరి ఇప్పుడు, ఈ వయసులో, దానివల్ల నీకేమన్నా పోయిందా?”

“సెప్తే తెలీదు మేడం. వినాల. రేపు తెల్లారి మా ఊరికి రాండి.”

అతని ఊరు పుంగనూరుకు దగ్గరే. నేను వెళ్ళేసరికి పొలాల మీద మంచు ఇంకా లేవలేదు. మల్బరీ తోట ఎక్కడ ముగిసిందో, వెనక గుట్ట ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ఆ తెల్లదనంలోంచి నాదస్వరం వినిపించింది. మునిరాజు వాళ్ళది మేళం వాయించే కుటుంబం. వాళ్ళ నాన్న గంగులప్ప గుట్ట కింద బండ మీద కూర్చుని ఒకే స్వరం పట్టి ఉన్నాడు. అది సాగుతూనే ఉంది. వింటూ నేనెక్కడున్నానో మరిచిపోయాను. మంచే మెల్లగా మోగుతున్నట్టు అనిపించింది. ఆయన ఆపాక కూడా అది కాసేపు నా చెవుల్లో నిలిచింది.

తర్వాత మునిరాజు అందుకున్నాడు. మొదలు చక్కగానే ఉంది. సగానికి వచ్చేసరికి స్వరం సన్నబడింది, వణికింది, తెగింది. వాయిద్యం పక్కన పెట్టి దగ్గడం మొదలుపెట్టాడు.

“వానికి కీర్తనలన్నీ వచ్చుమ్మా,” అన్నాడు గంగులప్ప. “ఊపిరే సాలడంలే. కుప్పం జాతరలో ఈ తూరి ముందు నిలబడేది వాడేనని మాటిచ్చినా. ఏల ఊపిరి తగ్గిపోయిందో వాడు సెప్పడు, నేనడగను.”

ఆయనకు తెలుసని నాకు అర్థమైంది. మునిరాజుకూ అర్థమైంది. తల ఎత్తలేదు.

నన్ను బస్సెక్కించడానికి వచ్చినప్పుడు, “మానాలనుండాది మేడం, ఎట్లా మానాలో తెలీడంలే,” అన్నాడు. పొగాకు మాన్పించే కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. మునిరాజు మానడం మొదలుపెట్టాకే అతనికి ఆడియో ఆలోచన చెప్పాను, ఒప్పుకున్నాడు. ముందు గంగులప్ప పట్టిన ఆ సుదీర్ఘ స్వరం. వెంటనే మునిరాజు గొంతు: ‘నేను సిగరెట్టు మానేశాను. నా ఊపిరి నాకొచ్చింది.’

ఎండలు ముదిరే వేళకు మదనపల్లెలో మా ఆఫీసు గదిలో రికార్డింగ్ పెట్టుకున్నాం. ఫ్యాన్ ఆపేశాం. మునిరాజు మైకు ముందు కూర్చుని కాగితం చూశాడు.

“మేడం, నేనీ మాట సెప్పలేను.”

“ఏమైంది?”

“పోయిన వారం పలమనేరులో పెండ్లికి వాయించేదానికి పోయినప్పుడు సావాసగాళ్ళిస్తే ఒకటి తాగేసినా. మళ్ళా ముట్టలేదు. అయినా మానేశానంటే అబద్ధమే గదా.”

నా ప్రాణం ఉసూరుమంది. మా సంస్థ పెద్దాయన గుమ్మంలోంచి సైగ చేశాడు, వేరే ఎవరితోనైనా చెప్పిద్దామని. మునిరాజు కాగితం మడిచి నా చేతిలో పెట్టబోయాడు. అతను ఆ గదిలోంచి అలా వెళ్ళిపోతే మళ్ళీ కౌన్సెలర్ దగ్గరికి కూడా వెళ్ళడేమోనని భయం వేసింది.

“మరి నువ్వైతే ఏమని చెప్తావు?” అన్నాను.

“మానుతాండా, అని సెప్తా. మానేసినా అని కాదు, ఇంకా మానుతా ఉండా అని. అది నిజం.”

అలాగే రికార్డు చేశాం. ‘మధ్యలో ఒకటి తాగినా. మళ్ళా మానుతాండా. ఊపిరి కొంచెం కొంచెంగా వస్తాంది.’

పెద్దాయనకు నచ్చలేదు. “సందేశమంటే గట్టిగా ఉండాలమ్మా. తాగానని చెప్తే తాగొచ్చనుకోరూ?” అన్నాడు. ఆ భయం నాకూ ఉంది. మానేసిన మరొకతని చేత ‘మానేశాను’ అని కూడా చెప్పించి, రెండూ కాలేజీలు తెరిచాక కుప్పంలో ప్రీటెస్ట్ చేద్దామని అనుకున్నాం.

ఆలోపే జాతర వచ్చింది. నేనూ వెళ్ళాను. పసుపు, వేపాకు, సాంబ్రాణి పొగ, మూడు రాష్ట్రాలు కలిసే చోటు గనక మూడు భాషల్లో మొక్కులు. ఆ జనం మధ్య మునిరాజు ముందు నిలబడ్డాడు. స్వరం పట్టాడు. చాలా దూరం తీసుకెళ్ళాడు. నాన్న అంత దూరం కాదు. అతని ఊపిరి అయిపోయే చోట వెనకనుంచి గంగులప్ప అదే స్వరం అందుకున్నాడు. అతుకు ఎవరికీ తెలియలేదు. తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకోనైనా లేదు. నేను ఆ స్వరంలోనే ఉండిపోయాను; బస్సు దాకా ఎలా వచ్చానో గుర్తులేదు.

కాలేజీలు తెరిచాక కుప్పంలో రెండు ఆడియోలూ వినిపించాం. ‘మానేశాను’ అన్నదాన్ని చేతులు కట్టుకుని మర్యాదగా విన్నారు. రెండోది మొదలవగానే కొందరు గంగులప్ప స్వరంతోపాటు ఊపిరి బిగబట్టారు. ఒకడు దగ్గి నవ్వాడు. మునిరాజు మాట వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

“మానేసినోళ్ళ మాటింటే మనం సెడ్డోళ్ళం అనిపిస్తాది,” అంది మొదటి వరసలో కూర్చున్న ఒకమ్మాయి. “ఈయప్ప మన మాదిరే ఉండాడు. మా అన్నకి పంపిస్తా, ఇస్తారా?”

‘తాగినా పర్లేదనిపించిందా?’ అని పెద్దాయన తనే అడిగాడు. ఎవరికీ అలా అనిపించలేదు. ఆడియో చివర కౌన్సెలర్ నంబరు కలపమని చెప్పి, దాన్నే వదలడానికి ఒప్పుకున్నాడు.

అందరూ వెళ్ళాక వరండాలో ఒక విద్యార్థి నాకోసం ఆగి ఉన్నాడు. చొక్కాకి సిగరెట్టు వాసన.

“మేడం, పొద్దున కూడా తాగినా. అయినా మానుతాండా అనొచ్చునా?”

“అనొచ్చు,” అని కౌన్సెలర్ నంబరు ఇచ్చాను.

అంతకు ముందు భయపెట్టే మాటలు చాలా రాశాను. కాలు జారిన మర్నాడు కూడా సిగ్గుపడకుండా చెప్పుకోగల మాట ఒకటి మనిషికి ఇవ్వాలని మునిరాజు, ఆ విద్యార్థి, ఈ ఇద్దరి దగ్గరే నేర్చుకున్నాను.