సజ్జ మీద ఖాలా గిన్నెలు

హుస్సేనీ ఆలంలో మేము కొనుక్కున్న మేడ మీది ఇంట్లో రెండు గదులు, ఒక వంటిల్లు, వంటింట్లో ఒక సజ్జ ఉన్నాయి. ఇప్పటిదాకా కట్టిన కిస్తీలకు బహుశా ఆ సజ్జ ఒక్కటే మా సొంతమైంది. మిగతాదంతా బ్యాంకుది. అప్పు కోసం పోయినప్పుడు అక్కడి మేనేజరు మా అడ్రసు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చదివాడు. పాతబస్తీలో ఇళ్లు కూడా ఉంటాయా, వాటిని అప్పు చేసి మరీ కొంటారా అన్నట్టు చూశాడు. నెలల తరబడి తిప్పుకుని చివరికి ఇచ్చాడు. ఆనాడే మా ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల అప్పు సగం కాలంలో తీర్చేసి, ఆ మేనేజరు చేతి మీదుగానే ఇంటి కాగితాలు తీసుకుంటాడట. మేనేజరు ఎప్పుడో బదిలీ అయి పోయాడు. ఒట్టు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

మా ఆయన అఫ్జల్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ కిరాణా దుకాణంలో లెక్కలు రాస్తాడు. నేను దబీర్‌పురా వైపు ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను, ఇంటికి వచ్చేసరికి పొద్దుగూకుతుంది. ఆయన జీతం కిస్తీకి, నా జీతం ఇల్లు గడవడానికి. ఇల్లు గడిచాక మిగిలింది మళ్లీ కిస్తీకే. ఎంత మిగలాలో చెప్పడం ఆయన పని, మిగల్చడం నా పని.

ఆయన ఏ వస్తువునూ ధర అడగకుండా దాటిపోలేడు. కొనేది లేకపోయినా అడుగుతాడు. ఎవరి పెళ్లికైనా పోతే తినేముందు ప్లేటు ఎంత పడిందో కనుక్కుంటాడు, తిన్నాక అంత విలువ లేదంటాడు. కూరగాయలకు మీర్ ఆలం మండికి దుకాణాలు సర్దుకునే వేళకే పోతాడు. ఆ వేళకు ఎవరూ కొననివే మిగులుతాయి కాబట్టి, మా ఇంట్లో ఏం వండాలన్నది ఊళ్లో జనమంతా కలిసి నిర్ణయిస్తారు. ఒకసారి వారమంతా సొరకాయ. కూర అయింది, పప్పు అయింది, పెరుగు పచ్చడి అయింది. శనివారంనాడు ఆయన చెత్తబుట్టలోకి తొంగిచూసి, "పొట్టు తోటి గూడ తొక్కు చేస్తరట గదా" అన్నాడు. నా ముందు కత్తిపీట ఉంది, ఆ మాట అక్కడితో ఆగిపోవడం ఇద్దరికీ మంచిదనిపించింది.

ఆడవాళ్లకు బస్సు ఉచితమైన దగ్గరనుంచి మా ఇంట్లో దూరం పనులన్నీ నావే అయ్యాయి. కందిపప్పు ఊరవతల ఎక్కడో రెండు రూపాయలు తక్కువని తెలిస్తే చాలు, "నీకు టికెట్టే లేదు గదా" అని సంచి చేతికిస్తాడు. ఆదివారం పొద్దున్నే బయల్దేరి, రెండు బస్సులు మారి, నిలబడి పోయి నిలబడి వచ్చేదాన్ని. అలా మిగిల్చిన డబ్బులు ఆ సాయంత్రం నా కాళ్లనొప్పుల మందుకు సరిపోయేవి. సర్కారు నాకు స్వేచ్ఛ ఇచ్చిందని పేపర్లో రాశారు, ఆ పేపరు కూడా మేం కొనలేదు, దుకాణంలో పొట్లం కట్టి ఇస్తే చదివాను. బియ్యం సంచులతో కుట్టిన మా దిండ్ల మీద ఆ కంపెనీవాళ్ల ఏనుగు బొమ్మ ఉంటుంది. ఎవరన్నా చుట్టాలు వస్తే ఏనుగు కిందికి పోయేలా దిండు తిప్పి వేస్తాను.

ఇంత పకడ్బందీ లెక్కలోనూ ఎక్కడా కనబడని మనిషి ఒకరున్నారు. కింది ఇంటి ఖాలా.

పెద్దావిడ, మేమంతా ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తాం. భర్త లేడు, కొడుకు గాజుల దుకాణంలో పనిచేస్తాడు. మా పాప బడి నుంచి మెట్లెక్కి పైకి రాదు, నేరుగా ఖాలా ఇంట్లోకి పోతుంది. అక్కడే తింటుంది, అక్కడే హోంవర్కు చేస్తుంది, అక్కడే నిద్రపోతుంది. నేను సాయంత్రం వచ్చి పిలుచుకుంటాను. ఇలా చూసుకోమని నేను అడిగిందీ లేదు, చూసుకుంటానని ఆమె అన్నదీ లేదు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజున పాప ఆ గుమ్మంలోకి పోయింది, అంతే. మా అమ్మ తర్వాత నన్ను నిలబెట్టింది ఎవరంటే నేను ఖాలా పేరే చెబుతాను.

పాపను చూసుకోవడం ఒక్కటే కాదు, ఖాలా ఇంట్లో ఏం వండినా పైకి ఒక గిన్నె వస్తుంది. ఖట్టీ దాల్, బగారా బైంగన్, పండుగకు పాలూ సేమ్యాల షీర్ ఖుర్మా. మా గల్లీలో అందరికీ తెలిసిన మర్యాద ఒకటుంది, ఇంటికి నిండుగా వచ్చిన గిన్నె ఖాళీగా వాపస్ పోకూడదు. హిందువుల ఇల్లయినా, ముస్లింల ఇల్లయినా ఇదే. ఏమీ లేకపోతే పిడికెడు చక్కెరైనా వేసి పంపాలి. అందుకని నేను గారెలు చేస్తే గారెలు, భక్ష్యాలు చేస్తే భక్ష్యాలు పంపేదాన్ని. నెయ్యి వేసిన భక్ష్యాలంటే ఖాలాకు ప్రాణం.

పోయిన రంజాన్ పండుగనాడు ముగ్గురికీ మూడు పింగాణీ గిన్నెల్లో షీర్ ఖుర్మా వచ్చింది. తెల్లని గిన్నెలు, అంచుకు బంగారు గీత. ఆయన తన గిన్నె వేలితో తుడిచి నాకి, ఖాళీ గిన్నెల వంక చూస్తూ ఆలోచనలో పడ్డాడు.

"ఇవి నింపి పంపాలంటే ఎంత అయితది?"

"ఎంతో కొంత అయితది. ఎందుకు?"

"ఖాలా ఎట్లనో ఇంట్ల చేసుకునేదాంట్ల నుంచి పంపుతది. మనం గిన్నె కోసమే స్పెషల్‌గ చెయ్యాలె. నూనె, పప్పు, గ్యాసు అన్నీ మీద పడుతున్నయ్. నెలకు ఎన్నిసార్లు ఇట్ల?"

"అయితే పంపొద్దని చెప్పాల్నా ఖాలాకు?"

"అట్లెట్ల చెప్తం. రానియ్, మనకు సొరకాయ తప్పుతది. గిన్నెలు మాత్రం పండుగకు పంపుదాం. పండుగకు ఎట్లనైనా చేస్తం గదా."

దిగుమతి యథాతథం, ఎగుమతి పండుగదాకా బంద్. ఆనాడు నాకూ ఓపిక లేకపోయింది, సరే అన్నాను. మూడు గిన్నెలూ కడిగి సజ్జ మీద పెట్టాను.

పండుగలు వచ్చాయి, పోయాయి. బోనాలకు చుట్టాలు ఎక్కువై చేసినవి మాకే చాలలేదు. దసరాకు ఈసారి చేసుడు తగ్గిద్దామన్నాడు. దీపావళికి దుకాణం సేఠ్ ఇచ్చిన మిఠాయి డబ్బాతో సరిపెట్టాడు, అందులో సగం మా ఆడబిడ్డ ఇంటికి పోయింది. కింది నుంచి మాత్రం గిన్నెలు వస్తూనే ఉన్నాయి. స్టీలువి, మూతవి, అంచున ఎనామిల్ పూత పెచ్చులూడిన తామ్‌చీనీ కటోరా ఒకటి. అన్నీ కడగడం, సజ్జ ఎక్కించడం. సజ్జ మా సొంతమని చెప్పాను గదా, అదీ ఖాలా సామానుతో నిండిపోయింది.

ఈ ఏడు రంజాన్ నెల మొదలైంది. ఎప్పుడూ ఇఫ్తార్ వేళకు పైకి నిండు ప్లేటు వచ్చేది. ఈసారి మొదట్లో టిఫిన్ డబ్బా మూతలో దహీ వడలు వచ్చాయి. తర్వాత చాయ్ సాసర్‌లో నాలుగు ఖర్జూరాలు. తర్వాత ఏమీ రాలేదు. సాసర్ చూసినప్పుడే ఖాలాకు మా మీద మనసు విరిగిందని, చెప్పలేక ఇలా కొద్దికొద్దిగా చెయ్యి వెనక్కి తీసుకుంటోందని అనుకున్నాను. పాప మాత్రం రోజూ అక్కడికే పోతోంది, వస్తోంది. అడిగితే "ఖాలా మంచిగనే ఉంది" అంటుంది. ఒంటిపూట బడులు అప్పుడే మొదలయ్యాయి, ఎండాకాలం సెలవులు ముందున్నాయి. ఆ తలుపు మూసుకుంటే నేను ఉద్యోగం మానాలి. ఉద్యోగం మానితే కిస్తీ ఆగుతుంది. ఇదంతా ఆలోచించాను, కానీ నిజం చెప్పాలంటే నా బాధ కిస్తీ గురించి కాదు. ఖాలా నా మీద అలిగిందంటే నాకు ముద్ద దిగలేదు.

పండుగ రోజు వచ్చింది. మా ఆయన షీర్ ఖుర్మాకు కడుపులో చోటు ఉంచుకోవాలని పొద్దున టిఫిన్ మానేశాడు. దానివల్ల టిఫిన్ ఖర్చు కూడా మిగిలిందని సంతోషించాడు. పది దాటింది, పన్నెండు దాటింది. ఏదో పని ఉన్నట్టు మెట్ల దగ్గరికి పోయి, కిందికి చూసి, మళ్లీ వచ్చి కూర్చుంటున్నాడు. కింద చుట్టాలు వస్తున్న సందడి, నెయ్యిలో వేగిన సేమ్యా వాసన పైదాకా వస్తున్నాయి. పిలవకుండా పోవద్దని పాపను నేనే ఆపాను. అది మూతి ముడుచుకుని కిటికీ దగ్గర కూర్చుంది.

"మర్చిపోయిందేమో" అన్నాడాయన.

"ఖాలా మర్చిపోదు. మర్యాద మర్చిపోయింది మనం" అన్నాను. నాకు ఏడుపొచ్చింది. ఇక ఉండబట్టలేక నేనొక్కదాన్నే కిందికి దిగాను.

చుట్టాలు అప్పుడే వెళ్లినట్టున్నారు. గది మూలన బకెట్ నిండా వాడిపారేసిన కాగితం కప్పులున్నాయి. ఖాలా నన్ను చూడగానే లేచి వచ్చి కావలించుకుంది.

"ఏంది బేటీ, పొద్దుగాల్నుంచి బిడ్డను కిందికి పంపకపోతివి. మీరే గుస్సా అయిన్రనుకున్న."

"మేమెందుకు గుస్సా అయితం ఖాలా. నువ్వే... ఈసారి పైకి ఏం రాలె గదా, మా మీద కోపమొచ్చిందనుకున్న."

ఖాలా నా మొహం చూసి నవ్వింది. "కోపం కైకు? గిన్నెలన్నీ మీ కాడనే ఉన్నయ్. దేంట్ల పంపాలె చెప్పు? మీ వాటా గంజులనే ఉంచిన. గంజే పైకి పంపుదామనుకున్న, కాని ఉన్నది ఒక్కటే పెద్ద గంజు. మాపటికి బిర్యానీ దేంట్ల వండాలె?"

పొయ్యి పక్కన మూత పెట్టిన గంజు చూపించింది. అడుగున మా ముగ్గురికీ సరిపడా షీర్ ఖుర్మా, చల్లారి మీగడ కట్టి ఉంది.

"ఒక్క మాట అడిగితే తెచ్చిస్తుంటి గదా ఖాలా."

"ఎట్ల అడుగుత? గిన్నె అడిగితే మీ ఇంటి కూర అడిగినట్టే గదా. మీకు ఇంటి కిస్తీ ఉంది. అదెంత బరువో నాకు తెల్వదా? అప్పు తీరినంక ఆరాంగ నింపి పంపుతరు, ఫికర్ లేదు అనుకున్న. నా గిన్నెలే ముందుగాల ఒడిసిపోయినయ్."

మూలనున్న బకెట్ వంక చూశాను. పండుగపూట వచ్చిన చుట్టాలందరికీ ఆమె షీర్ ఖుర్మా కాగితం కప్పుల్లో పోసి ఇచ్చింది. ఎవరో అడిగారట, ఏంది ఆపా, గిన్నెలు లేవా అని. "నువ్వేం చెప్పినవ్?" అన్నాను.

"పైన మా బిడ్డ ఇంట్ల దావత్ ఉంది, గిన్నెలన్నీ ఇచ్చిన అని చెప్పిన."

పైకి వచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు, కాగితం కప్పులు కూడా. ఆయన లేచి స్టూలు వేసుకుని సజ్జ మీది గిన్నెలన్నీ దింపి, దుమ్ము కడిగి, బట్టతో తుడిచి వంటింటి గట్టు మీద వరసగా పెట్టాడు. గట్టు చాలక కొన్ని కింద పెట్టాల్సి వచ్చింది. వాటిల్లో వేయడానికి ఇంట్లో ఏముంది? సొరకాయ ముక్క ఒకటి, మా నెల చక్కెర డబ్బా ఒకటి. ఆ డబ్బా ఆయన అదుపులో ఉంటుంది, చాయ్‌కి చెంచాతో కొలిచి ఇస్తాడు. ఇప్పుడు ఆ చెంచాతోనే ఒక్కో గిన్నెలో ఒక్కో చెంచా వేయడం మొదలుపెట్టాడు. రెండు గిన్నెలు అయ్యాక చెంచా పక్కన పెట్టి, డబ్బా ఎత్తి వంచేశాడు.

గిన్నెలు ముగ్గురం మోసుకుని దిగాం. ఖాలా చక్కెర చూసి, "ఇంత ఎందుకు బేటా" అంది గానీ వాపస్ ఇవ్వలేదు, అదీ మర్యాదే. బంగారు గీత గిన్నెల్లోని చక్కెర ఒంపుకుని, వాటిల్లో గంజు అడుగుది మాకు పోసింది. పాప ఖాలా ఒడిలో కూర్చుని తిన్నది. ఆయన తల ఎత్తకుండా తిన్నాడు, ఈసారి గిన్నె నాకలేదు.

పైకి వస్తుంటే మెట్ల మలుపులో ఆగాడు.

"పాపను చూసుకుంటున్నందుకు ఖాలాకు మనం నెలకు ఏమిస్తున్నం?"

"ఏం ఇస్తలేం."

"బయట పెడితే ఎంత తీసుకుంటరు?"

మా నర్సింగ్‌హోమ్ పక్కన పిల్లల్ని చూసుకునే సెంటరు ఉంది. వాళ్లు తీసుకునేది చెప్పాను. ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. లెక్కలు రాసే మనిషి గదా, పెదాలు కదుపుతూ నెలలు, ఏళ్లు కూడుకున్నాడు. కూడిక ఎక్కడిదాకా పోయిందో నాకు తెలీదు.

"అంటే గిన్ని దినాలు మన కిస్తీ కట్టింది మనం కాదు" అన్నాడు.

నేను ముందు నడిచి తాళం తీశాను.

ఆ నెల మిగిలిన రోజులన్నీ మా ఇంట్లో చక్కెర లేని చాయే. ఆయన గుక్క గుక్కకూ మొహం చిట్లించుకుంటూ తాగాడు, కొత్త డబ్బా కొందామని మాత్రం అనలేదు. కొన్నాళ్లకు కింది నుంచి తామ్‌చీనీ కటోరాలో ఖుబానీ కా మీఠా వచ్చింది. తిన్నాక ఆ కటోరా ఆయనే కడిగి, సజ్జ వైపు చూడకుండా, తలుపు పక్కన పెట్టాడు. మరుసటి రోజు దుకాణం నుంచి వస్తూ శనగపప్పు, బెల్లం, పెద్ద సీసాడు నెయ్యి తెచ్చి నా ముందు పెట్టాడు. మా ఇంట్లోకి అంత నెయ్యి ఎన్నడూ రాలేదు.

"భక్ష్యాలు చెయ్" అన్నాడు.

"నెయ్యి ఎంత పడ్డది?" అన్నాను.

"అడగలె" అన్నాడు.