నాలుగు కంపెనీలకు ఒకే గొంతు

స్యూ గేక్ ఆ స్విచ్‌బోర్డు ముందు కూర్చున్నది భర్త పోయిన ఏడాది. మామగారే కూర్చోబెట్టాడు. ఇంట్లో ఉంటే ఏడుస్తావు, ఇక్కడ ఉంటే ఏడవడానికి తీరిక దొరకదు అన్నాడు. అన్నట్టే అయింది. బీచ్ స్ట్రీట్‌లోని ఆ మేడలోకి వచ్చే ప్రతి ఫోనూ ముందు ఆమె చెవిలో పడి, ఆ తర్వాతే ఎవరిదో వాళ్ళకి చేరేది.

మేడ ఒకటే, కంపెనీలు నాలుగు. కింద వెనకభాగంలో ఓడలకు తాళ్ళు, తారు, లాంతర్లు సరఫరా చేసే కంపెనీ. అది పెద్ద బావగారు టేక్ లియాంగ్‌ది. పైన ముందుగదుల్లో మరిది టేక్ హిన్ లారీల కంపెనీ. పైన వెనకగది ఇన్సూరెన్సు వాళ్ళది. కింద వీధివైపు హాజా మైదీన్ అద్దెకు ఉంటూ మక్కాకు యాత్రికుల్ని పంపేవాడు. అన్నదమ్ముల నడుమవాడు స్యూ గేక్ భర్త. అతను లేడు కాబట్టి ఆ నడుమ ఆమె మిగిలింది.

మామగారు పోయిన రోజున టేక్ హిన్ లారీలతో ఈపో అనే ఊరి అవతల ఉన్నాడు. వానలకు రోడ్డు తెగింది. పూజారి పెట్టిన ఘడియ దాటకూడదని టేక్ లియాంగ్ తమ్ముడి కోసం ఆగకుండా శవపేటిక మూయించాడు. కడచూపుకు అందని కొడుకు చేయవలసిన ఆచారం ప్రకారం తమ్ముడు వీధి మొదటి నుంచి మోకాళ్ళ మీద పాక్కుంటూ గుమ్మం చేరేసరికి మేకులు కొట్టడం అయిపోయింది.

ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోలేదు. తమ్ముడు వెనక సందులోంచి మెట్లెక్కేవాడు, అన్న వీధి గుమ్మంలోంచి వచ్చేవాడు. మేడ మాత్రం ఇద్దరి పేరా ఉంది. ఒకడు సంతకం పెట్టకుండా ఇంకొకడు అమ్మలేడు. కప్పు కారినా, మునిసిపాలిటీ మనిషి వచ్చినా, మాట ఈ చివర నుంచి ఆ చివరకి స్యూ గేక్ నోటి మీదుగా పోవలసిందే.

మొదట్లో విన్నది విన్నట్టు చెప్పేది. ఒక వారం అలా చెప్పాక, ఇలాగైతే ఈ ఇంట్లో ఎవరో ఒకరు కత్తి పట్టుకుంటారని అర్థమైంది. టేక్ హిన్, తాళ్ళ కంపు తన ఆఫీసులోకి వస్తోందని, ఆ తాళ్ళతోనే ఉరేసుకోమని చెప్పు అన్నాడు. ఆమె వెనక్కి వెళ్ళి, పనివాళ్ళకి దగ్గు వస్తోందట, తాళ్ళ చుట్టలు కాస్త గోడవైపు జరిపించమంటున్నాడు అంది. వాడి పనివాళ్ళు దగ్గితే నాకేం అన్నాడు టేక్ లియాంగ్. ఆమె పైకి వెళ్ళి, రేపు జరిపిస్తానన్నారు అంది. కిందికి వచ్చి కూలీలకు తనే చెప్పి జరిపించింది. కూర మార్చడం లేదు, కారం తగ్గిస్తున్నాను అనుకుంది. ఏళ్ళ తరబడి అలాగే అనుకుంది.

ఒక్కసారి మాత్రం కూరే మార్చింది.

టేక్ లియాంగ్ భార్య పోయింది. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి టేక్ హిన్ చిన్నపిల్లవాడు. ఆమె చేతి గంజి తాగి పెరిగాడు. స్యూ గేక్ పైకి వెళ్ళి, అన్నగారికి ఏమని చెప్పను అని అడిగింది. అతను గోడవైపు చూస్తూ, చెప్పడానికి ఏమీ లేదు అన్నాడు. ఎంతసేపు నిలబడినా అంతకు మించి రాలేదు. కింద సంతాపానికి గోనెబట్ట కట్టుకుని చాప మీద కూర్చున్న టేక్ లియాంగ్ ఆమెను చూడగానే అడిగిన మొదటి మాట, వాడేమైనా అన్నాడా అని.

"వదిన పెట్టిన గంజి తాగి పెరిగాను, ఆ మొహం చూసే ధైర్యం లేదు, అందుకే రాలేదని చెప్పమన్నాడు బావగారూ," అంది.

ఆ పూట ఆయన నాలుగు మెతుకులు తిన్నాడు. ఆ కొత్త సంవత్సరానికి తమ్ముడి గదికి నారింజల బుట్ట పంపాడు. అప్పటి నుంచి ఏటా పంపుతూనే ఉన్నాడు. భార్య సమాధి శుభ్రం చేయడానికి కొండ మీదకు వెళ్ళినప్పుడల్లా గడ్డి పీకుతూ, వాడు ఆ రోజు అలా అన్నాడు కదా అని ఆమెతో అనేవాడు. ఆమె అవునండీ అనేది.

వాయిస్ మెయిల్ పెట్టిద్దామన్నది హాజా మైదీన్. ఆమెకు జ్వరం వచ్చి రెండు వారాలు రాకపోతే, ఫోనెత్తే దిక్కులేక అతని యాత్రికులు పక్క వీధిలోని కంపెనీకి పోయారు. ఒకే మిషను, నాలుగు కంపెనీలు కలిసి కొనుక్కుందాం, ఎవరి పెట్టె వాళ్ళది అన్నాడు. ఆమె అన్నదమ్ముల్ని విడివిడిగా అడిగింది. ఇద్దరూ సరేనన్నారు. మొదటి వారం తర్వాత ఆ ఒక్క మాటే ఆమె ఏమీ మార్చకుండా మోసింది.

మిషను బిగించడానికి సుహైమి అనే భారీ మనిషి వచ్చాడు. స్విచ్‌బోర్డు వెనక పడుకుని తీగలు కలుపుతూ ప్రశ్నలు వేశాడు. ఫోన్ చేసినవాళ్ళకి ముందు ఒక పలకరింపు వినపడాలి, ఏ కంపెనీకి ఏ అంకె నొక్కాలో చెప్పాలి. ఒకటి తాళ్ళ కంపెనీకి, అది అన్నిటికన్నా పాతది కాబట్టి. రెండు తనకి వద్దని, వాడి పక్కన కూర్చోనని టేక్ హిన్ కబురు పెట్టాడు. దాంతో రెండు హాజా మైదీన్‌కి, మూడు లారీలకి వెళ్ళాయి. సుహైమి ఎవర్నీ అడక్కుండానే నాలుగు వదిలేసి ఇన్సూరెన్సు వాళ్ళకి అయిదు ఇచ్చాడు. ఈ వీధివాళ్ళ భాషలో నాలుగంటే చావన్నట్టు వినపడుతుంది, అది ఇస్తే మర్నాడే పిలిచి మార్పిస్తారు, నాకు పెట్రోలు దండగ అన్నాడు.

పలకరింపు స్యూ గేక్ గొంతుతోనే పెట్టాలని నలుగురూ అన్నారు. ఇంట్లో మాట్లాడే చీనా భాష హొక్కియన్‌లో, మలయ్‌లో, ఇంగ్లీషులో చెప్పింది. మూడుసార్లు తడబడింది. అవతల మనిషి లేకుండా ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఇక మీరు ఇంట్లో పడుకోవచ్చక్కా," అన్నాడు సుహైమి. "మీ గొంతు డ్యూటీలో ఉంటుంది."

"జీతం గొంతుకిస్తారా, మనిషికిస్తారా?" అన్నాడు హాజా మైదీన్.

"గొంతుకే. మనిషి తింటుంది, గొంతు తినదు. యజమానులకి అదే లాభం."

ఆమె కూడా నవ్వింది. తర్వాత సుహైమి ఫోన్లు తిప్పి చూపిస్తూ ఇంకొకటి చెప్పాడు. మేడలోని ఏ గది నుంచైనా ఇంకో గది పెట్టెలో మాట పెట్టవచ్చు. ఆ గది ఫోను మీద ఎర్రలైటు వెలుగుతుంది. వినడానికి ఒక నంబరు, చెరిపేయడానికి ఒకటి. చెరిపితే మళ్ళీ రాదు. మధ్యలో ఎవరూ ఎత్తక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. మొదట అందరికీ ఒకే రహస్య అంకె ఇస్తున్నాను, ఎవరిది వాళ్ళు మార్చుకోండి అన్నాడు. టేక్ లియాంగ్ మార్చుకోలేదు. నాకు ఇవన్నీ పట్టవు, నా పెట్టె నువ్వే చూసుకో అన్నాడు స్యూ గేక్‌తో.

వారం గడవలేదు. ఒక ఉదయం ఆయన ఓడ చూడటానికి రేవుకి వెళ్ళాడు. ఆమె బల్ల తుడవడానికి ఆ గదిలోకి వెళితే ఎర్రలైటు వెలుగుతోంది. ఏ ఓడవాళ్ళో తాళ్ళు అడిగి ఉంటారని రిసీవరెత్తి నొక్కింది. టేక్ హిన్ గొంతు.

"టేక్ హిన్‌ని. ఈ మేడల వరసంతా కొనడానికి హోటలువాళ్ళు వచ్చారు. నేను ఒప్పుకున్నాను, నువ్వూ సంతకం పెట్టు. నీతో ఒకే కప్పు కింద ఉండటం ఇక నావల్ల కాదు. నాన్న మొహం చూడనివ్వలేదు నువ్వు. అందుకే నీ పెళ్ళాం పోయినప్పుడు నేను కిందికి దిగలేదు. ఒక్క మాట కూడా పంపలేదు. వదిన నన్ను పెంచింది, నాకు తెలుసు, అయినా పంపలేదు. చావింట్లో దక్కవలసింది దక్కకపోతే ఎలా ఉంటుందో నీకు కొంచెమైనా తెలియాలని. నువ్వేమో ఆ ఏటి నుంచి నారింజలు పంపుతున్నావు. ఎందుకు పంపుతున్నావో నాకు అంతుపట్టలేదు. ఒక్కటి కూడా తినలేదు."

బీప్ మోగింది. చెరపాలా, ఉంచాలా అని మిషను అడుగుతోంది. ఆమె వేలు అంకె మీద ఆగింది. ఇల్లు అమ్మితే అమ్మనీ. ఆమె కళ్ళ ముందు కదిలింది ఇల్లు కాదు, కొండ మీద గడ్డి పీకుతున్న ముసలాయన. ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాడు. ఒక్క అంకె నొక్కితే ఆ మాట ఆయనకు మిగులుతుంది.

నొక్కలేదు. రిసీవరు పెట్టేసి పైకి వెళ్ళింది.

టేక్ హిన్ బల్ల మీద కాళ్ళు పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు. ఆమె మొహం చూసి కాళ్ళు దించాడు.

"విన్నావన్నమాట," అన్నాడు.

"ఆ మాటలు నాతో చెప్పి పంపొచ్చు కదా."

"నీతో చెబితే చేరతాయా వదినా? ఉరేసుకోమంటే దగ్గొస్తోందని చెప్పేదానివి. నాకు తెలీదనుకున్నావా? ఆయన నన్ను తిట్టకుండా ఇన్నేళ్ళు ఉండగలడా? నీ దగ్గర నుంచి ఒక్క తిట్టూ రాలేదంటే ఏమిటి అర్థం?"

"తెలిసీ ఊరుకున్నావా?"

"తెలుసు కాబట్టే నోటికొచ్చినట్టు అనేవాణ్ణి. నువ్వు దాటించవని ధీమా. పోనీలే, అరిచాక నాకు ఆకలేసేది." కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "ఈసారి మాత్రం దాటాలి."

అందులో ఒక ముక్క తీసేసి మళ్ళీ చెప్పమని అడిగింది ఆమె. ఏ ముక్క అన్నాడు. చెప్పలేకపోయింది. చెబితే కింద పెద్దాయన్ని పట్టి నిలిపిన మాట ఎవరిదో తమ్ముడికి ముందు తెలుస్తుంది. ఇతను నవ్వినా, ఏడ్చినా చూడటం ఆమె వల్ల కాదు. అతను ఆమెను కాసేపు చూసి, ముసలాడికి ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. బాగానే ఉంది అని దిగివచ్చింది.

టేక్ లియాంగ్ రేవు నుంచి వచ్చి చొక్కా పైగుండీ విప్పుకుని కూర్చున్నాడు. ఎర్రలైటు చూశాడు.

"ఎవరది? నువ్వు విని చెప్పు," అన్నాడు.

"విన్నాను. మరిది పెట్టాడు."

ఆయన కుర్చీలో ముందుకి వంగాడు. ఆమె నోటికి అలవాటైన దారి తెరుచుకుంది. ఎవరో హోటలువాళ్ళు వచ్చారట, వరసంతా అడుగుతున్నారట, మీ అభిప్రాయం కనుక్కోమన్నాడు అంది. ఇంకాస్త చెప్పేదే. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అందులో వాడి గొంతు ఉందా?"

"ఉంది."

"నువ్వు చెప్పింది కాదు కదా. వాడే మాట్లాడాడా?"

"మాట్లాడాడు బావగారూ."

"ఇటివ్వు. వాడి గొంతు విని ఎన్నాళ్ళయిందో."

వద్దు అనడానికి ఆమెకు ఒక్క కారణం దొరకలేదు. దొరికినా అప్పుడు ఆయన మొహం చూస్తూ అనలేకపోయేది. అంకెలు నొక్కి రిసీవరు చేతికిచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. మొదట మొహం వికసించింది. తమ్ముడు పేరు చెప్పుకున్నప్పుడు తల ఊపాడు, అతను ఎదురుగా ఉన్నట్టు. తర్వాత తల ఊపడం ఆగింది. చివరిదాకా విన్నాడు. రిసీవరు పెట్టేశాక కూడా చెయ్యి దాని మీదే ఉంచాడు.

"ఒక్క మాట కూడా పంపలేదంటున్నాడు," అన్నాడు.

ఆమె బల్ల మీది కాగితాలు సర్దింది.

"వాడు మర్చిపోయి ఉంటాడు. పంపాడు కదా. గంజి సంగతి. ధైర్యం లేదన్నాడు." ఆమె వైపు చూడకుండా అడిగాడు, "ఎవరిది ఆ మాట?"

"నాదే."

బయట హాజా మైదీన్ ఎవరితోనో టికెట్ల గురించి గట్టిగా బేరమాడుతున్నాడు. ఆ గొంతు తగ్గాక టేక్ లియాంగ్ రిసీవరు మీది చెయ్యి తీశాడు.

"వాడికి నేను పంపినవి? అవైనా నావేనా?"

"నారింజలు మీవి," అంది.

"మాటలు?"

ఆమె తల వంచుకుంది. గుర్తున్నంత మటుకు చెప్పమన్నాడు. చెప్పింది. తాళ్ళు జరిపిన సంగతి, కప్పు కారితే మీరు పొరపాటైందన్నారని చెప్పిన సంగతి, అతని కొడుకు పెళ్ళికి దీవెనలు చెప్పమన్నారని చెప్పిన సంగతి. ఒక్కొక్కదానికీ ఆయన, నేను అప్పుడు నిజంగా ఏమన్నాను అని అడిగాడు. అది కూడా చెప్పింది. కొన్ని తిట్లు ఆయనకే గుర్తు లేవు. ఒకదానికి మాత్రం, అంత మాట అన్నానా అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే ఏనాడో తన్నుకునేవాళ్ళం," అన్నాడు చివరికి. అది మెచ్చుకోలో నిష్ఠూరమో ఆమెకు తెలియలేదు. "తన్నుకుని ఉంటే ఏదో ఒకటి తేలేది కూడా."

"క్షమించండి బావగారూ."

ఆయన రిసీవరు మళ్ళీ ఎత్తి, వాడిది ఏ అంకె అని అడిగాడు. మూడు అంది. నొక్కబోయి ఆగాడు. ఆమె ఎప్పటిలాగే బల్ల పక్కన నిలబడి ఉంది, ఆయన అనబోయేది తీసుకువెళ్ళడానికి అన్నట్టు.

"నువ్వు బయటికి వెళ్ళమ్మా," అన్నాడు. "తలుపు వేసి వెళ్ళు."

తలుపు వేసింది. అది చాలా ఏళ్ళుగా ఎవరూ వేయని తలుపు. తడికి ఉబ్బి ఉంది, భుజంతో నెట్టవలసి వచ్చింది. అవతల ఆయన గొంతు మొదలైంది. మాటలు తెలియడం లేదు. కోపమో, ఇంకేదో తెలియడం లేదు. ఆమె తన బల్ల దాటి, వీధివైపు వసారాలోకి వచ్చి స్తంభం పక్కన నిలబడింది. హాజా మైదీన్ లోపల నుంచి, ఏమైందక్కా, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

ఏమని చెప్పాలో ఆమెకు తోచలేదు.