ఆఖరున తీసిన ఎలుక

మా యానిమల్ హౌస్ బాబాయ్ పోయారని మొన్న పర్చూరు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. ఇలాంటి వార్త పేపర్లో రాదు. నేనివాళ పిల్లలకు పాఠం చెబుతున్నానంటే సగం ఆయన పుణ్యమే కాబట్టి, నేనే చెప్పాలి.

గుంటూరు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో నేను పరిశోధన చేసే రోజుల్లో ఎలుకల గదికి ఆయనే అటెండరు. ఆదివారం చర్చికి వెళ్ళేముందు కూడా వచ్చి వాటికి నీళ్ళు పెట్టేవారు. మిరపకోతలప్పుడు ఇంటి దగ్గర కాయలు ముట్టుకుంటే, సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాకే బోను తెరిచేవారు. నాకేమో ఎప్పుడూ తొందరే. "మెల్లగా నడువమ్మాయ్. మీ సారు నిన్ను తిట్టిన సంగతి వాటిక్కూడా తెలిసిపోద్ది" అని ఆటపట్టించేవారు.

వాపు వచ్చినప్పుడు ఒంట్లో ఒత్తిడి హార్మోను ఎంత పెరుగుతుందన్నది నా పరిశోధన. ఒక గుంపు ఎలుకల పాదానికి వాపు తెప్పించే మందు, ఇంకో గుంపుకు ఉత్త సెలైను. ఆఖరున రక్తం తీయడంతో వాటి ప్రాణం పోతుంది. ఈ రెండో గుంపు రక్తంలో హార్మోను తక్కువగా ఉండాలి. తీరా చూస్తే నాలుగింటిలో వాపు ఉన్నవాటితో సమానంగా ఉంది. థీసిస్ గడువు నెత్తిమీదికొచ్చింది. ఆ నాలుగు అంకెలూ కొట్టేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, నిజంగా అనుకున్నాను.

నా మొహం చూసి బాబాయ్ సంగతి అడిగారు. చెప్పాను.

"ఏ వరసలో తీశావ్ రక్తం?"

నోట్‌బుక్ తిరగేశాను. మొదట తీసినదానికి తక్కువ. తర్వాత ఒక్కోదానికీ పెరుగుతూ పోయింది.

"అన్నిట్నీ ఆ గదిలోనే, ఒకదాని ఎదురుగా ఒకదాన్ని తీశావుగా. మొదటిది కీచుమన్నాక మిగతావి నిమ్మళంగా ఉంటాయా? నువ్వు చెయ్యి పెట్టకముందే ఆఖరుదానికి గుండె జారిపోయుంటది. అంకెలు తప్పు కాదమ్మాయ్, మనం చేసిన పద్ధతే తప్పు."

తప్పు నాదైతే, "మనం" అన్నారు.

"మళ్ళీ చెయ్యాలంటే ఇంకా కొన్ని ఎలుకలు పోవాలి బాబాయ్."

"ఆ అంకెలు కొట్టేస్తే మొదట పోయినవి ఊరికే పోయినట్టు. ఈసారన్నా సరిగ్గా చెయ్యి" అన్నారు.

కొత్త ఎలుకలను వారం పాటు రోజూ నా చేత పట్టించారు, నా చేతికి అలవాటు పడాలని. రక్తం తీసే రోజు తలుపులన్నీ మూసి, ఒక్కోదాన్నీ తువ్వాలులో చుట్టి పక్క గదికి తనే తెచ్చారు.

ఈసారి సెలైను గుంపులో మొదటిదానికీ తక్కువే, ఆఖరుదానికీ తక్కువే. కాగితం పట్టుకుని పరుగెత్తాను. బాబాయ్ పెరట్లో బోనులు కడుగుతున్నారు. పాత అంకెలు, కొత్త అంకెలు పక్కపక్కన చూపించమన్నారు. తడివేలు పెట్టి ఒక్కొక్కటీ చదువుకున్నారు.

"అయితే, పోయినసారి వాటికి ఇంత భయమేసిందన్నమాట" అన్నారు.

ఆయన ఖాళీ బోనులను ఒక్కొక్కటిగా ఎండలో బోర్లించి, చేతులైనా తుడుచుకోకుండా వాటి పక్కనే కూర్చుండిపోయారు.