సోమక్క మోసిన మాట

సోమక్క గురించి చెప్పమంటే మా కిరండూల్ జీపు స్టాండులో ఎవరైనా ముందు ఆమె నోటి గురించే చెబుతారు. ఆమెకు తెలుగు, దొర్లీ, గోండీ, హిందీ నాలుగూ వచ్చు. తగాదా తెలుగులో, ఓదార్పు దొర్లీలో, ఆఫీసరుతో మాట హిందీలో. గోండీ దేనికి వాడేదో నాకు తెలియదు, నాకు ఆ భాష రాదు. మా ఇంటి నుంచి వచ్చిన విశాఖ తెలుగును మాత్రం వదలకుండా వెక్కిరించేది. నేను “ఏటక్కా” అంటే, “ఏటి కాదు తమ్మీ, ఏంది అను. నలభై ఏండ్ల సంది ఈడి నీళ్లే తాగుతున్నవ్” అనేది. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదే. రెండేళ్లు ఎక్కువ వేసినందుకు నిజంగానే కోపం వచ్చేది. నాకు కోపం తొందరగా వస్తుంది. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ కోపం చేసిన పనే.

నా పేరు అప్పయ్య. విశాఖ నుంచి రైలు పట్టాలు వేస్తూ వచ్చిన కూలీల్లో మా నాన్న ఒకడు. పట్టాలు ఇక్కడితో అయిపోయాయి, ఆయనా ఇక్కడే ఆగిపోయాడు. నేను ఒక పాత జీపు కొనుక్కుని కిరాయికి తిప్పేవాణ్ణి. ఇనుపరాయికి ధర పెరిగి, కొండ మీద పని రాత్రీ పగలూ ఆగకుండా నడిచిన ఏళ్లవి. కాంట్రాక్టర్లు బండ్ల కోసం వెతుక్కునేవారు. ఉతికిన చొక్కా సాయంత్రానికి ఎర్రబడేది గానీ, జేబు మాత్రం నిండేది.

సోమక్క పుట్టిల్లు పామేడు పక్క పల్లె. చిన్నప్పుడు ఏటా మిరపకాయలు ఏరడానికి తెలంగాణ వైపు పోయేవాళ్లట. ఆమె భర్త రామనర్సయ్య వ్యాగన్లలో రాయి నింపే కూలీగా ఇటు వచ్చి, నాలుగేళ్లకే నడుము విరగ్గొట్టుకున్నాడు. అప్పుడు ఇద్దరూ కొండ కింద నడిమిపారాలో ఎకరం పొలం సాగులోకి తెచ్చుకుని గుడిసె వేసుకున్నారు. కిరండూల్‌కి పధ్నాలుగు కిలోమీటర్లు. పారా అంటే చిన్న గూడెం, పాతిక ఇళ్లు, అన్నీ దొర్లవాళ్లవి. తొలి కాన్పుకు సోమక్క ఇంట్లోనే రెండు రోజులు నొప్పులు పడింది. బిడ్డ దక్కలేదు. రెండోసారి వారం ముందే నడుచుకుంటూ సర్కారీ ఆస్పత్రికి పోయి, పొమ్మన్నా పోకుండా వరండాలో చాప పరుచుకుని కూర్చుంది. ఆ కాన్పులో పుట్టిన కూతురు బతికింది. అప్పటి నుంచి ఆస్పత్రి అంటే ఆమెకు గురి కుదిరింది. ఊరికొక మితానిన్‌ను ఎంచుకోమని సర్కారు చెప్పినప్పుడు పారా అంతా ఆమె పేరే చెప్పింది. జీతం లేని కొలువు. భుజాన మందుల సంచీ, చేతిలో రిజిస్టరు, ఎవరింట్లో కడుపుతో ఉన్నా వాళ్ల వెంటపడి ఆస్పత్రికి తోలడం.

ఆ పారాలో ఒక అలవాటు ఉండేది. ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉంటే ఆ ఏడు ఒక బస్తా ఇప్పపువ్వు అమ్మకుండా అటక మీద పెట్టేవారు. ఎంత కరువొచ్చినా దాన్ని ముట్టుకునేవారు కాదు. నొప్పులు మొదలయ్యాక ఏ అవసరం పడితే దానికి అమ్మాలని. ఆ బస్తా మీద సోమక్కకు మంట. కడుపుతో ఉన్న పిల్ల పప్పు లేకుండా గంజి తాగుతుంటే, పైన బస్తా పురుగు పడుతోందని తిట్టేది.

ఒక ఏడు దసరా వెళ్లగానే ఆస్పత్రివాళ్లు నడిమిపారాలో మీటింగు పెట్టారు. మారుమూల పారాల నుంచి కాన్పులకు తెచ్చే జీపులకు కిరాయి సర్కారే ఇస్తుందని చెప్పారు. మా వైపు నుంచి ఒప్పుకున్న డ్రైవరుని నేనే. నా మెడలో బంతిపూల దండ వేశారు, ఫొటో తీశారు. మాట్లాడమంటే లేచి, “ఏ వేళైనా పిలవండి, బండికి పైసా అక్కర్లేదు” అన్నాను. దండ బరువుకి ఆ మాట ఇంకాస్త గట్టిగా వచ్చింది. సోమక్క దాన్ని దొర్లీలో చెప్పింది. మర్నాటి నుంచి ఇంటింటికీ తిరిగి అదే చెప్పింది. ఆస్పత్రి పైసా అడగదు, బండి పైసా అడగదు, ఇంక ఆ బస్తా దేనికే అని.

మొదటి మూడు కాన్పులకూ పిలవగానే పోయాను. కాగితాల మీద ముద్ర వేయించుకుని ఆస్పత్రి ఆఫీసులో ఇచ్చాను. నెల తర్వాత పోతే గుమాస్తా బజెట్ రాలేదన్నాడు. ఇంకో నెలకు పోతే ముద్ర సరిగా పడలేదన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అదే. మూడోసారి ఆ కాగితాలు అక్కడే విసిరికొట్టి, ఇంక ఈ పని చేస్తే చెప్పుతో కొట్టమని వచ్చేశాను. టీ కొట్టులో చెప్పాను. మా ఆవిడకు చెప్పాను. స్టాండులో అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పాను. సోమక్కకు మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ నన్ను నేను అడుక్కుంటూనే ఉన్నాను. సంతలో ఆమె కనబడని ఆదివారం లేదు. కనబడితే చాలు, పక్కనున్నవాళ్లకు నన్ను చూపించి “మా పారాకు దొరికిన తమ్ముడు” అనేది. ఆ మాట వినడం నాకు ఇష్టం. చెబితే ఆ మాట పోతుంది. వచ్చే వారం చెబుదాంలే అనుకునేవాణ్ణి. అలా ఆరేడు వారాలు పోయాయి.

ఆ ఆరేడు వారాల్లోనే పారాలో భీమే అనే ఆమె ఇంట్లో బస్తా అమ్మేశారు. భీమే కొడుకు కోస. అతని పెళ్లాం లక్కే, మొదటి కడుపు. పిల్ల పాలిపోయి ఉందని, పప్పు, గుడ్లు పెట్టమని సోమక్క పోరుపెట్టి మరీ అమ్మించింది.

ఫాల్గుణంలో ఒక ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సోమక్క రాయి లారీలో వచ్చి స్టాండు దగ్గర దిగింది. లక్కేకి తెల్లవారుజామునే ఉమ్మనీరు పోయిందట. నొప్పులు సరిగా రావడం లేదట.

“నడువు తమ్మీ, పిల్ల కత ఏందో బాగలేదు” అంది, జీపు తలుపు తీస్తూనే.

సంత రోజు. సగం జీపు నిండి ఉంది. ఆఫీసు గుమాస్తా మొహం కళ్ల ముందుకొచ్చింది. ఆ మొహం మీద కోపం ఈమె మీద పడింది.

“ఆ ఫ్రీ ఎప్పుడో ఆపేశానక్కా. నాకు మూడు కిరాయిలు రాలేదు. ఎనిమిది వందలు చేతిలో పెట్టు, పోదాం” అన్నాను.

ఆమె నా మొహం వంక చూసింది. వేళాకోళం ఆడుతున్నాననుకుందేమో.

“ఆపినవా? ఎప్పుడు?”

“రెండు నెల్లైంది.”

“మరి నేను ఊరంత చెప్పుకుంట తిరుగుతున్న కద.”

“నన్నడిగి చెప్పావేటి?”

ఆ మాట నేనే అన్నాను. ఎనభై మంది ముందు మైకులో చెప్పినవాణ్ణి, నన్నడిగి చెప్పావా అన్నాను. ఆమె కొంగు ముడి విప్పి చూసింది, నూట యాభై ఉన్నాయి. “ఈడనే ఉండు, వస్త” అని రోడ్డు దాటింది.

రోడ్డుకి అవతల వెండి తాకట్టు పెట్టుకునే సేఠ్ దుకాణం. సంత రోజు కదా, మెట్ల దాకా జనం. సోమక్క అరుగు మీద కూర్చుని కాళ్ల కడియాలు తీయడం నాకు కనబడుతూనే ఉంది. ఏళ్ల తరబడి కాళ్లకే ఉన్న కడియాలు ఒక పట్టాన రాలేదు. పక్కనున్న మనిషి సబ్బునీళ్లు పోశాడు. తర్వాత ఆమె వరుసలో నిలబడింది. నేను జీపులో ఉన్నవాళ్లను దింపేసి టీ చెప్పాను, తాగాను. ఇంకొకటి చెప్పాను. ఒక్క కేక వేస్తే వినబడే దూరం. రా అక్కా, పోదాం, తర్వాత చూసుకుందాం అనాలని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఎక్కించుకున్న సంత జనాన్ని దింపేశాక, ఇప్పుడు మెత్తబడితే అందరి ముందు చులకనైపోతానని ఆగాను. ఆమె డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టేసరికి పదిన్నర దాటింది.

తర్వాత బండిని ఎంత వేగంగా తోలగలనో అంత వేగంగా తోలాను. లక్కేని మంచం మీద రోడ్డుదాకా మోసుకొచ్చి ఉన్నారు. దారంతా ఆ పిల్ల అరవలేదు, మూలగలేదు. అరిస్తే బాగుండునని నాకు అనిపించింది.

ఆస్పత్రి గోడ మీద కాన్పు ఉచితమని ఇంత లావు అక్షరాలు. లోపల నర్సు పొట్ట మీద గొట్టం పెట్టి విని, బిడ్డ గుండె నెమ్మదిగా ఉందని, ఆ చేత్తోనే చీటీ రాసింది. చేతి తొడుగులు, సూదిమందు బయట కొనాలట. సోనోగ్రఫీ మిషను ఉందట, నడిపే మనిషి సెలవులో ఉన్నాడట, అదీ బయటే చేయించాలట. కోస చీటీ తిప్పి చూసి సోమక్క వైపు చూశాడు. సేఠ్ ఇచ్చిందాంట్లో నాకు పోను మిగిలిందంతా సోనోగ్రఫీకే పోయింది. మందుల కొట్టు ముందు నుంచి ఆమె నా దగ్గరకొచ్చింది.

“తమ్మీ, మూడొందలు ఎనక్కియ్యి. మందు తేవాలె.”

ఇచ్చాను. ఇచ్చి, “బాకీ ఉంచుకో అక్కా, తర్వాతిద్దువు” అన్నాను. ఏదో పెద్ద మనసు చేసుకున్నట్టు అన్నాను.

మధ్యాహ్నానికి బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. ఏడవలేదు. డాక్టరు చేతులు కడుక్కుంటూ హిందీలో, “ఇంకో గంట ముందు తెచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్లం” అన్నాడు. ఎవరినీ ఉద్దేశించి అన్న మాట కాదు. సోమక్క దాన్ని దొర్లీలోకి మార్చాల్సి వచ్చింది. మార్చకుండా వదిలేయొచ్చు. ఉన్నదున్నట్టు చెప్పింది.

భీమే వరండాలో కూలబడిపోయింది. ఆమెకు తెలుగు కొంత వచ్చు. నాకూ వినబడాలనేమో, తెలుగులోనే అడిగింది.

“పైసా వద్దంటివి గద సోమక్కా. పువ్వు అమ్ముమంటివి. బస్తా ఉంటే కోస పొద్దుగాలనే ఏదో ఒక బండి తెచ్చేటోడు గద.”

“అంటి” అంది సోమక్క. “తప్పు నాదే వదినె. బండి మాట నేను సరిగ తెలుసుకోకుండ చెప్పిన.”

నేను పది అడుగుల దూరంలో స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉన్నాను. ఆ మాట నాదని ఆమె అనలేదు. కనీసం నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను ఏదో ఒకటి వాదించేవాణ్ణి. తిలాపాపం తలా పిడికెడు అంటారు. గుమాస్తాకొక పిడికెడు, సెలవులో ఉన్న మనిషికొక పిడికెడు, లేని మందుకొక పిడికెడు అని ఆ రోజంతా పంచుకుంటూ కూర్చున్నాను. ఎంత పంచినా నా వంతు పిడికిట్లో పట్టలేదు. నోరు విప్పి ఒక్క ముక్క చెబితే ఆమె మీద నుంచి సగం బరువు దిగేది. చెప్పలేదు.

పొద్దుగూకే వేళకు కోసనీ, భీమేనీ, గుడ్డలో చుట్టిన బిడ్డనీ నేనే పారాకి చేర్చాను. డబ్బు అడగలేదు. అడగలేదని ఎవరూ గమనించనూ లేదు. సోమక్క లక్కే దగ్గర ఆస్పత్రిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత చాలా వారాలు ఆమె సంతకి రాలేదు. పారాలో కొందరు ఆమెను గుమ్మం ఎక్కనివ్వడం లేదని విన్నాను. భీమే ఇంటికి మాత్రం రోజూ పోయి, మొహం మీద తలుపు వేసినా అరుగు మీద కూర్చుని వచ్చేదట. లక్కేకి జ్వరం తగిలితే మందుబిళ్లలు అరుగు మీదే పెట్టి వచ్చిందట. ఇవన్నీ లారీవాళ్లు చెబుతుంటే వినేవాణ్ణి. ఒక పూట బండి తీసుకుని పోయి పారా మధ్యలో నిలబడి, అబద్ధం ఆడింది నేను, ఆమె కాదు అని చెప్పి రావడానికి పధ్నాలుగు కిలోమీటర్లు. మూడుసార్లు బయల్దేరాను. ఒకసారి వాగు దాకా పోయి తిరిగొచ్చాను.

వానలు పడ్డాక ఒక రోజు ఆమే స్టాండుకి వచ్చింది. సన్నబడింది. కాళ్లకు కడియాలు లేవు, వాటి చోట తెల్లటి గుర్తు ఉంది. నా ముందు నిలబడి మూడు వంద నోట్లు తీసింది.

“నీ బాకీ” అంది.

“ఇప్పుడెందుకక్కా?”

“మితానిన్ పైసలొచ్చినయ్. లక్కేను ఆస్పత్రికి తీస్కపోయినందుకు ఇచ్చిన్రు. నా ఇంట్ల ఉంచుకో బుద్ధైతలేదు.”

వద్దనాలి. వద్దంటే ఆ డబ్బు పట్టుకుని ఆమె ఎటు పోతుంది? తీసుకుంటే నేను ఏమైపోతాను? తేల్చుకోలేక చెయ్యి చాపాను. నోట్లు చేతిలో పెట్టి కూడా ఆమె కదల్లేదు.

“ఒక్క మాట అడగాలె తమ్మీ. హిడ్మా పెండ్లానికి ఏడో నెల. రేపు ఆ ఇంటికి పోవాలె. నీ బండి ఫిరీ అని చెప్పాల్నా, వద్దా? ఏదో ఒకటి చెప్పు.”

ఆమె అడిగింది అంతే. నాలుగు నెలలుగా నేను వెయ్యి సంజాయిషీలు కూడబెట్టుకుని ఉన్నాను. ఒక్కటీ అడగలేదు.

“చెప్పకు అక్కా. వస్తానో రానో నాకే తెలియదు. డబ్బు దగ్గర పెట్టుకోమను” అన్నాను.

ఆమె తల ఊపింది. మందుల సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

“ఈ ముక్క అప్పుడే ఎందుకు చెప్పకపోతివి తమ్మీ?” అంది.

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.